జిల్లేడు మీది రంగుల మిడత



2020 మే నెలాఖరు. ఒకపక్క కరోనా లాక్‌డౌన్. ఇంకోపక్క రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రల మీదుగా ఎడారి మిడతల దండు దిగివస్తోందని టీవీల్లో ఒకటే హోరు. తెలంగాణ ప్రభుత్వం మహారాష్ట్ర సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్టు నిండా మిడతలు కనిపించాయి. ఆకులు నమిలేస్తూ కొమ్మకొమ్మకూ గుత్తులుగా పట్టుకుని ఉన్నాయి. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలోనూ అదే కథ. ఇంకేముంది, దండు మన గడప తొక్కేసిందన్నారు జనం.

అధికారులూ శాస్త్రవేత్తలూ వచ్చి చూసి, ఇది ఎడారి మిడత కాదు, మన నేలలో ఎప్పటినుంచో ఉన్నదేనని తేల్చి చెప్పాక గాని జనం ఊపిరి పీల్చుకోలేదు. చిత్రమేమిటంటే, ఈ పురుగు ఏనాడూ దాక్కున్నది కాదు. పట్టపగలు, దారి పక్కన, చెయ్యి చాస్తే అందేంత ఎత్తులో కూర్చుని ఉంటుంది. మన దేశపు మిడతల్లో ఇంతలా కళ్లకు కొట్టొచ్చే రంగులున్నవి ఏ రెండో మూడో తప్ప లేవు. అయినా దాన్ని జనం తలెత్తి చూడడానికి ఎడారి మిడత భయం కావలసివచ్చింది.

దాని పేరు జిల్లేడు మిడత. శాస్త్రం పెట్టిన పేరు పొయికిలోసెరస్ పిక్టస్. అందులో పిక్టస్ అంటే రంగులు పూసినది. ఆ మాట డెన్మార్క్‌కు చెందిన ఫాబ్రీషియస్ 1775లో ఇచ్చినది. ఆయన లిన్నేయస్ శిష్యుడు, వేల కీటకాలకు పేర్లు పెట్టినవాడు. ఈ పేరు పెట్టడానికి మాత్రం పెద్దగా ఆలోచించి ఉండడు.

రేడియోలో రంగులు చూపించడం కుదరదు కాబట్టి శ్రోతలు కాస్త ఊహించుకోవాలి. ఆడ మిడత రెండు అంగుళాలు దాటుతుంది, మగది కొంచెం చిన్నది. ఒంటి నిండా పచ్చటి పసుపు. ఆ పసుపు మీద తల నుంచి పొట్ట చివరిదాకా నెమలికంఠం రంగు చారలు. పై రెక్కలు ఆకుపచ్చవి, వాటి మీద పసుపు గీతల అల్లిక. మీసాలు ముదురు నీలం, వాటికి మధ్య మధ్య పసుపు కట్లు. కాళ్లకూ అదే వరస, ఒక ముక్క పసుపు, ఒక ముక్క నీలం. ఇన్ని రంగులున్నా ఎగిరేదాకా ఒకటి దాచిపెడుతుంది. పై రెక్కల కింద మడిచి పెట్టుకున్న లోరెక్కలు లేత ఎరుపు. అది భారంగా లేచి నాలుగడుగులు ఎగిరినప్పుడు ఆ ఎరుపు ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది.

పిల్ల మిడతల వేషం వేరు. లేత పసుపు కలిసిన ఆకుపచ్చ మీద సన్నటి నల్ల చుక్కలు, అక్కడక్కడ ఎర్రటి బొట్లు. తల్లినీ పిల్లనీ పక్కపక్కన పెట్టి చూపిస్తే రెండూ ఒకే జాతి అని కొత్తవాళ్లు ఒప్పుకోరు.

ఇంతకీ అనంతపురం జిల్లేడు చెట్టుకూ కలకత్తా నగరానికీ ఏమిటి సంబంధం? ఈ దేశంలో ఒక పురుగు ఫలానాదని అధికారికంగా చెప్పే ముఖ్యమైన చోటు కలకత్తా. రాజు పిడికిట్లో ఏముందో చెప్పలేక మిడతంభొట్లు అనే జోస్యుడు తన పేరే పలికి, అందులో ఉన్నది మిడతే కావడంతో బతికిపోయాడు. అది కథ. నిజం బతుకులో పిడికిట్లోని మిడత ఏ జాతిదో జోస్యంతో తేలదు. సరిపోల్చి చూడడానికి చీటీ కట్టి సూదికి గుచ్చిన నమూనా ఎక్కడో ఒక పెట్టెలో భద్రంగా ఉండాలి. ఆ పెట్టెలు ఉన్నది కలకత్తాలో.

1814లో ఏషియాటిక్ సొసైటీ పుణ్యమా అని మొదలైన ఇండియన్ మ్యూజియాన్ని బెంగాలీలు ఇప్పటికీ జాదూఘర్ అనే అంటారు. చౌరంగీ రోడ్డు మీద తెల్లటి స్తంభాల భవనం. సెలవు రోజు వెళితే ఈజిప్టు మమ్మీ దగ్గరే జనమంతా. పురుగుల గదిలోకి వచ్చేవాళ్లు నింపాదిగా తిరగొచ్చు. 1889 నుంచి ఆ మ్యూజియం పంటల పురుగుల మీద ఒక పత్రిక నడిపింది. పంటను ఏదైనా వింత పురుగు తింటోందంటే జిల్లా అధికారులు దాన్ని డబ్బాలో పెట్టి కలకత్తాకు పంపేవారు. అప్పట్లో దేశంలో మిడతల దాడి జోరుగా ఉంది. మ్యూజియంలోని కోట్స్ అనే కీటక శాస్త్రజ్ఞుడు, బెంగాల్, మద్రాసు, అస్సాం, బొంబాయి ప్రాంతాల్లో కనిపించిన మిడతలు ఎడారి దండులోవా, స్థానికమైనవా అని విడదీసి ఆ పత్రికలోనే రాశాడు. రాయదుర్గంలో వచ్చిన ప్రశ్నే అది, 130 ఏళ్ల ముందు.

మ్యూజియంలోని జంతుశాస్త్ర విభాగం నుంచే 1916 జులై 1న జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పుట్టింది. నెల్సన్ అన్నండేల్ మొదటి డైరెక్టర్. ఆ పెట్టెలు పడ్డ కష్టం కూడా తక్కువది కాదు. రెండో ప్రపంచయుద్ధం వేళ బాంబుల భయంతో 1942లో వాటిని కాశీకి తరలించారు. మరుసటి ఏడు వరుణా నదికి వరదొచ్చి వాటిలో కొంత భాగాన్ని ముంచేసింది. బాంబులకు భయపడి వెళితే నీళ్లు ముంచాయి. మిగిలినవి యుద్ధం ముగిశాక కలకత్తా చేరాయి. ఇప్పుడు న్యూ ఆలీపూర్‌లోని ప్రాణి విజ్ఞాన్ భవన్ ఆ సంస్థ కేంద్రం. మిడతలు, కీచురాళ్లు, కందిరీగలు, ఇలా ఎక్కడెక్కడి కీటకాల నమూనాలో అక్కడ వరుసగా ఉన్నాయి. మన దేశపు మిడతలు, కీచురాళ్ల వంశాల జాబితాను 2010లో ఆ సంస్థ అచ్చువేస్తే, లెక్క వెయ్యి జాతులు దాటింది.

జిల్లేడు మిడతకున్న అసలు విద్య రంగులు కాదు, ద్రవం చిమ్మడం. దాన్ని నిదానంగా పరిశీలించి రాసినవాడు హింగ్‌స్టన్. ఈయన సైన్యంలో డాక్టరు. 1924 ఎవరెస్ట్ యాత్రలో వైద్యుడిగా వెళ్లి, మంచు కొండల్లో సాలెపురుగుల వెంట పడ్డవాడు. తర్వాత భారత సముద్ర సర్వేలో డాక్టరుగా, ప్రకృతి పరిశోధకుడిగా పనిచేశాడు. 1927లో మిడతలు ద్రవం చిమ్మే అలవాటు మీద ఒక వ్యాసం ప్రచురించాడు.

పిల్ల మిడతను పొట్ట దగ్గర కాస్త గిల్లితే చాలు, వీపు మీద, పొట్ట మొదటి రెండు కణుపుల మధ్య ఉన్న చిన్న రంధ్రం లోంచి పాలలాంటి ద్రవం సర్రున చిమ్ముతుంది. రెండు అంగుళాలు, ఒక్కోసారి అంతకంటే దూరం. ఏ వైపు గిల్లితే ధార ఆ వైపుకే తిరుగుతుంది. ఒకసారితో ఆగదు, మళ్లీ గిల్లితే మళ్లీ చిమ్ముతుంది. ద్రవం కాస్త జిగట, రుచి చేదు. పెద్దయి రెక్కలు వచ్చాక ఈ ధార ఉండదు. అదే చోటు నుంచి ద్రవం బుడగలు బుడగలుగా పొంగి రెక్కల కింద పోగుపడుతుంది. వయసుతో పాటు దూకుడు తగ్గిందని సరదాగా అనుకోవచ్చు గాని, రెక్కలు అడ్డొచ్చాక ధార గురిగా పోదు కదా.

ఆ ద్రవంలో ఉన్నది జిల్లేడు విషమే. జిల్లేడు పాలలో కాలోట్రోపిన్, కాలాక్టిన్ వంటి పదార్థాలు ఉంటాయి. గుండె జబ్బులకు డాక్టర్లు వాడే డిజాక్సిన్ ఈ వర్గానికి చెందినదే. మన కణాలన్నిటిలోనూ సోడియంను బయటికి తోడి, పొటాషియంను లోపలికి లాగే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఈ విషం వెళ్లి దాన్ని ఆపేస్తుంది. కొద్ది మోతాదులో వాంతులు, మోతాదు పెరిగితే గుండె లయ తప్పడం. మేకలు ఊళ్లోని చెట్లన్నీ మేసినా జిల్లేడు జోలికి పెద్దగా పోవు. అలాంటి చెట్టు మీద ఈ మిడత పుట్టింది మొదలు తింటూనే ఉంటుంది. పైగా ఆ విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది.

దీని దగ్గరి చుట్టం ఒకటి ఈజిప్టు, అరేబియా ఎడారుల్లో ఉంది, పొయికిలోసెరస్ బుఫోనియస్. దాని మీద 1967లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. రాసినవారిలో బ్రిటన్‌కు చెందిన మిరియం రోత్‌షైల్డ్ ఉన్నారు, 1950లో వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న రైక్‌స్టైన్ ఉన్నారు. చిమ్మే ద్రవంలో గుండె విషాలు ఉన్నాయనీ, జిల్లేడు జాతి మొక్కలు పెట్టకుండా వేరే ఆకులతో పెంచితే ఆ విషం బాగా తగ్గిపోతుందనీ వాళ్లు చూపించారు. అంటే ఆయుధం పుట్టుకతో వచ్చిందే, మందుగుండు మాత్రం చెట్టు ఇవ్వాలి.

రంగుల లెక్క ఇక్కడ తేలుతుంది. పచ్చగడ్డిలో పచ్చటి మిడత దాక్కుని బతుకుతుంది. విషం దాచుకున్నది అలా దాక్కుంటే దానికే నష్టం. పిట్ట పొరపాటున ముక్కుతో పొడిచి, చేదు తగిలాక ఉమ్మేసినా మిడత ప్రాణం అప్పటికే పోయి ఉంటుంది. నన్ను ముట్టుకోకు అని ముందుగానే తెలియాలి. పసుపు, నీలం చారలు చేసే పని అదే. ఒకసారి చేదు తిన్న పిట్ట ఆ రంగులు చూసి మళ్లీ దగ్గరికి రాదు. ఈ మిడత మనిషి వస్తే కంగారుగా ఎగిరిపోదు. నెమ్మదిగా కొమ్మ అవతలి వైపుకు జరుగుతుంది, అంతే. ధీమా అనుకోవచ్చు.

ఇదే కుటుంబంలో వేరే బతుకుతెరువులు చూడాలంటే కలకత్తా మంచి చోటు. ఢాకూరియా సరస్సు ఒడ్డున గానీ, శివపూర్ బొటానిక్ గార్డెన్‌లో గానీ గడ్డిలో నడుస్తుంటే కాళ్ల ముందు నుంచి మొన తేలిన తలతో సన్నటి ఆకుపచ్చ మిడత గెంతుతుంది. పేరు అట్రాక్టోమార్ఫా. చెంప వెంట చిన్న చిన్న బొడిపెల వరస ఉంటుంది. మగది మరీ చిన్నది, ఆడదాని వీపెక్కి చాలాసేపు దిగదు. గడ్డిపోచ మీద కూర్చుంటే పక్కనే నిలబడ్డా కనిపించదు. ఎగిరినప్పుడు లోరెక్కల గులాబీ రంగు మెరుస్తుంది. మట్టిరంగులో, మొరటు చర్మంతో నేల మీద పాకే క్రోటోగోనస్ అనేది ఇంకొకటి, లేత మొలకల్ని కొరికి రైతును ఏడిపించే రకం. ఒకటి గడ్డిలో కలిసిపోయింది, ఒకటి మట్టిలో కలిసిపోయింది. వీటి దాయాది జిల్లేడు మిడత రంగులు పూసుకుని నడిబజారులో కూర్చుంది. ముగ్గురూ ఒకే కుటుంబం, పిర్గోమార్ఫిడే.

జిల్లేడును బెంగాలీలు ఆకంద అంటారు. హౌరా వంతెన కింద మల్లిక్ ఘాట్ పూలబజారులో తెల్లవారుజామున ఆకంద పూలదండలు గంపల్లో కనిపిస్తాయి. మైనం పూసినట్టుండే లేత ఊదా పూలను దారానికి గుచ్చి శివుడికి వేస్తారు. మన రథసప్తమి జిల్లేడు ఆకులు, వినాయక చవితి పత్రిలో అర్కపత్రం, తెల్లజిల్లేడు వేరుతో చేసే గణపతి సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. మొక్కల విషయంలో తెలుగు నేలనూ కలకత్తానూ కలిపిన ఒక్క పేరు ఇక్కడ తలచుకోవాలి. కాకినాడ జిల్లా సామర్లకోటలో 1781 నుంచి మొక్కల్ని పెంచి, బొమ్మలు గీయించి, తన పుస్తకాల్లో మొక్కల పక్కన తెలుగు పేర్లు రాసిపెట్టిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా బొటానిక్ గార్డెన్ పెద్దగా వచ్చాడు. కోరమాండల్ తీరపు మొక్కల గురించిన ఆయన గ్రంథం ఆ కాలంలో ఎంత పేరు తెచ్చుకుందో వృక్షశాస్త్రం చదివినవాళ్లకు తెలుసు. అందులోని బొమ్మలు గీసిన చిత్రకారులు మనవాళ్లు, వాళ్ల పేర్లు ఎక్కువగా నిలవలేదు. అది వేరే బాధ.

అసలు ఈ మిడత ఎలాంటి చోట బతుకుతుంది? దానికి కావలసినవి రెండే. తినడానికి జిల్లేడు, గుడ్లు పెట్టడానికి వదులుగా ఉన్న మట్టి. ఎండ బాగా తగిలే బీడు, ఏటి ఇసుక మేట, రైలుకట్ట, చేనుగట్టు, రోడ్డు పక్క గుట్ట. ఆడ మిడత పొట్ట చివరను సాగదీసి భూమిలోకి దింపి, ఒక్కో కాన్పులో వందకు పైగా గుడ్లు ఒక గూడుగా పెట్టి, పైన నురుగుతో కప్పుతుంది. ఎండాకాలంలో నెల రోజుల్లో పొదిగితే చలికాలంలో ఎక్కువ సమయం తీసుకుంటుంది. వర్షాలు పడ్డాక పిల్లలు గుంపుగా ఆకులకు చేరతాయి. దక్కను పీఠభూమి, రాయలసీమ, ఉత్తరాది మెట్టలు ఈ బతుకుకు బాగా అనువైనవి. చిత్తడి, జిగురుమట్టి కలకత్తా అంత అనువు కాదు. తూర్పు కలకత్తా చిత్తడి నేలల్లో తుంగ, గుర్రపుడెక్క, చేపల చెరువులదే రాజ్యం. జిల్లేడు కావాలంటే రైలుకట్టలు, ఖాళీ స్థలాలు వెతకాలి. ఆ ఖాళీ స్థలాలు రాజర్‌హాట్ న్యూటౌన్ వైపు కట్టడాల కింద రోజురోజుకీ తగ్గుతున్నాయి. అడవి పోతే బాధపడేవాళ్లున్నారు, బీడు పోతే పట్టించుకునేవాళ్లు లేరు. ఈ మిడతకు బీడే ఊరు.

పంటలకు దీనివల్ల హాని లేదా? ఉంది, తక్కువ. చెట్టు నమిలి బోసిచేశాక, పిల్లలు ఎక్కువై ఆకు చాలనప్పుడు, చేలల్లోకి దిగుతాయి. వంకాయ, బెండ, ఆముదం, బొప్పాయి, దోస పాదులు వాటికి ఇష్టం. జువలాజికల్ సర్వేలో పనిచేసి, తర్వాత ప్రభుత్వ కీటక శాస్త్రజ్ఞుడిగా వెళ్లిన హేమ్ సింగ్ ప్రూథీ 1939లో తన సహచరుడితో కలిసి దీని జీవితచరిత్ర రాస్తూ, ఉత్తర భారత పంటలకు కొత్తగా చేరిన చీడపురుగు అని పేర్కొన్నాడు. కానీ దీనికి దండు కట్టే గుణం లేదు, వందల మైళ్లు ఎగిరే రెక్కల బలం లేదు. ఎడారి మిడత మేఘంలా లేచి దేశాలు దాటుతుంది. ఇది పుట్టిన చెట్టు నుంచి పక్క చెట్టుకు వెళ్లడమే గొప్ప. ఈ తేడా తెలియకే రాయదుర్గంలో కంగారు పుట్టింది.

రంగులతో హెచ్చరించే మిడతలు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. మన పడమటి కనుమల్లో కాఫీ, యాలకుల తోటల్లో తిరిగే ఆలార్కిస్ మిలియారిస్ ఒకటి. నల్లటి పచ్చ రెక్కల మీద పసుపు చుక్కలు, పొట్ట మీద ఎర్ర పట్టీలు. ముట్టుకుంటే ఛాతీ దగ్గర నుంచి నురుగు కారుస్తుంది. ఆస్ట్రేలియా ఉత్తర కొసన కాకడు రాతి కొండల్లో మరొకటి ఉంది, లైక్‌హార్ట్ మిడత. నారింజ, నీలం, నలుపు. తొలకరి ఉరుములకు ముందు కనిపిస్తుంది కాబట్టి అక్కడి ఆదివాసులు దాన్ని మెరుపుల దేవుడి పిల్లలుగా చెప్పుకుంటారు, ఆ దేవుడు రాతి బొమ్మల్లో కూడా ఉన్నాడు. దాన్ని చూడడానికి విమానాలెక్కి వెళ్లే మనుషులున్నారు. జిల్లేడు మిడత దాని కంటే ఏ రంగులోనూ తీసిపోదు. మన ఇంటి వెనకాల ఉండడమే దాని తప్పు.

కళాశాలల్లో జీవశాస్త్రం చదివినవారికి ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. కణవిభజన పాఠానికి మిడత వృషణాల్ని స్లైడు మీద నలిపి సూక్ష్మదర్శినిలో చూపించేవారు. మన దేశంలో ఆ పనికి ఎక్కువగా దొరికింది జిల్లేడు మిడతే. మగదానిలో క్రోమోజోములు 19, ఆడదానిలో 20. వై క్రోమోజోము లేదు. ఎక్స్ ఒక్కటే ఉంటే మగ, రెండుంటే ఆడ.

కలకత్తాలోనూ, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లోనూ, ఇంటి దగ్గర తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ ప్రసంగం వింటున్న శ్రోతలకు చివరిగా ఒక మాట. భాద్రపదంలో పత్రి కోసం జిల్లేడు దగ్గరికి వెళ్లినప్పుడు ఆకు వెనక ఓసారి చూడండి. పసుపు, నీలం చారల మిడత కనిపిస్తే ఫోటో తీసి, తేదీ, ఊరి పేరు రాసుకోండి. పిల్లలు సరదా పడి దాన్ని గిల్లకుండా చూడండి, ముఖ్యంగా ముఖానికి దగ్గరగా. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు ఉబ్బి చూపు మసకబారుతుంది. ఒకవేళ పడితే కన్ను నలపకుండా, వెంటనే శుభ్రమైన నీళ్లతో చాలాసేపు కడిగి కంటి డాక్టరుకు చూపించండి. పత్రి కోసిన చేతులు కూడా సబ్బుతో కడుక్కోండి.